అత్తగారు కాయని పందెం

శనివారం పొద్దున్న యూలా ఫాంటెనో వంటింట్లో ఒక పొయ్యి మీద కాఫీ, ఇంకో పొయ్యి మీద సాసేజీలు. కోడలు మారెన్ తల ఆరబెట్టుకుంటూ వచ్చేసరికి బల్ల మీద పళ్ళెం సిద్ధంగా ఉంది. పళ్ళెంలో రెండు గుడ్లు, బిస్కట్లనే వేడి మెత్తటి రొట్టెలు, పక్కన యూలా తన చేత్తో కాచిన అత్తిపండ్ల జామ్.

"నేను చేసుకునేదాన్నిగా అత్తయ్యా. రోజూ మీరే ఎందుకు?"

"నేనుండగా నీకెందుకమ్మా? కూర్చో, చల్లారిపోతుంది."

వెనకాలే ఆవలిస్తూ కొడుకు డేన్ వచ్చాడు. నెలలో సగం రోజులు సముద్రం మీద చమురు బావి దగ్గర, మిగతా సగం ఇంట్లో అతని బతుకు. బల్ల మీద ఒకటే పళ్ళెం ఉండడం చూసి, "మరి నాదో?" అన్నాడు.

"నీకు చేతులు పడిపోయాయట్రా? పెనం అక్కడే ఉంది, గుడ్లు ఫ్రిజ్‌లో ఉన్నాయి. కొట్టుకుని తిను. చచ్చిన చేపలా ఆ మొహమేంటి, కడుక్కోలేదా?"

డేన్ భార్య వంక చూసి కన్ను గీటాడు. మారెన్ నవ్వింది గానీ ఆ నవ్వు పూర్తిగా రాలేదు. అది యూలా గమనించలేదు. ముప్పై ఏళ్ళు ఆ ఊళ్ళో ఆడవాళ్ళ జుట్టు కత్తిరిస్తూ, అద్దంలో వాళ్ళ మొహాలు చూసి కడుపులో ఉన్నదంతా చెప్పేసిన మనిషి, తన సొంత వంటింట్లో మాత్రం అప్పుడప్పుడు కళ్ళు మూసుకునేది.

యూలాకి పోకర్ పేకాట పిచ్చి. పోయిన మొగుడు పెళ్ళయిన కొత్తలో నేర్పాడు. తర్వాత జన్మంతా నేర్పినందుకు చింతించాడు, ఎందుకంటే ఆవిడ మీద మళ్ళీ గెలిచిన పాపాన పోలేదు. ఇప్పుడు నెలకో శనివారం లేక్ చార్లెస్‌లో చెరువు పక్కన ఉన్న కేసినోలో పోటీకి వెళుతుంది. ఒకసారి పక్క రాష్ట్రంలోని బిలాక్సీ దాకా వెళ్ళి, గెలుపు తేల్చే చివరి బల్ల దాకా నిలిచి వచ్చింది. అక్కడ బంగారు గడియారం పెట్టుకున్న ఒక పెద్దమనిషి, "బామ్మగారూ, కళ్ళజోడు తెచ్చుకున్నారా?" అని ఎగతాళి చేశాడట. అరగంట తర్వాత అతని పందెం బిళ్ళలన్నీ తన ముందుకి లాక్కుంటూ, "తెచ్చుకున్నాను నాయనా, వీటిని లెక్కపెట్టుకోవడానికి," అందట. ఈ కథ ఆ వీధిలో వినని వాళ్ళు లేరు. మళ్ళీ మళ్ళీ విన్నవాళ్ళే ఎక్కువ.

ఇక ఆదివారం ఆట సంగతి వేరు. చర్చి నుంచి వచ్చి, భోజనాలయ్యాక, అదే వంటింటి బల్ల మీద ఇంటిల్లిపాదీ కూర్చుంటారు. డబ్బు ప్రసక్తి లేదు. ఎవరి బిళ్ళలు ముందుగా అయిపోతే వాళ్ళు ఆ పూట అంట్లన్నీ తోమాలి. యూలా కూతురు జెనెల్ పోయిన వారమే తల్లి చేతిలో చిత్తుగా ఓడి, మాడిన గంబో పులుసు గిన్నె తోముతూ ఏడ్చినంత పని చేసింది. "ఏడువు, ఏడువు, ఆ నీళ్ళతో గిన్నె నానుతుంది," అని తల్లి వెనక నుంచి పాట పాడింది. డేన్ అయితే తోమీ తోమీ అరచేతులు అరిగిపోయాయంటాడు. మారెన్ కాపురానికొచ్చి అయిదేళ్ళయింది, ఇంతవరకు ఒక్క ఆదివారం కూడా ఆమెకి తోమే వంతు రాలేదు. కొత్తగా నేర్చుకున్నా భలే ఆడుతుందని అందరూ మెచ్చుకునేవాళ్ళు. ఆ మెప్పు మీదే మారెన్‌కి ధైర్యం వచ్చింది. ఈ శనివారం అత్తతో పాటు తనూ పోటీకి పేరు ఇచ్చింది.

దారిలో యూలా బండి నడుపుతూ పాఠం చెప్పింది.

"ఎదుటివాళ్ళ చేతులు చూడు, మొహాలు అబద్ధమాడతాయి. ముక్కలు పంచే పిల్లతో మర్యాదగా మాట్లాడు. ఇంకోటి, మనిద్దరం ఒకే బల్లకి వచ్చామనుకో, అక్కడ నేను నీ అత్తని కాదు. చుట్టరికం గుమ్మం బయట వదిలెయ్యాలి. మనవాళ్ళని చూసీ చూడనట్టు వదిలేస్తే బల్ల చుట్టూ ఉన్న మిగతా వాళ్ళకి అన్యాయం. పట్టుబడితే లేపి బయట నిలబెడతారు."

"అయితే నన్ను నిజంగా ముంచేస్తారా?" అంది మారెన్, కళ్ళు మెరుస్తుండగా.

"ముంచక? పోటీ అది!"

మారెన్ ఎందుకంత సంబరపడిందో యూలాకి అర్థం కాలేదు.

హాల్లో ఇరవై బల్లలు. చేతిలో రెండు ముక్కలు, బల్ల మధ్యలో అందరికీ కలిపి అయిదు ముక్కలు. అన్నిట్లోంచి మంచి అయిదు ఎవరికి కుదిరితే కుప్ప వాళ్ళది. ఆట చిన్నదే, ఆడేవాళ్ళే పెద్ద చిక్కు. యూలా తన మూలన పిల్లిలా కూర్చుని, ఒక ట్రక్కు డ్రైవర్నీ, ఒక పళ్ళ డాక్టర్నీ నెమ్మదిగా ఇంటికి పంపించింది. మధ్యమధ్యలో తల తిప్పి దూరంగా ఉన్న కోడల్ని చూసింది. మారెన్ ముందు బిళ్ళలు పెరుగుతున్నాయి. యూలాకి గుండె పొంగింది.

మధ్యాహ్నానికి మనుషులు పలచబడ్డారు. బల్లలు తగ్గిస్తూ మారెన్‌ని తీసుకొచ్చి సరిగ్గా యూలా ఎదుట కూర్చోబెట్టారు.

"ఈవిడ మా అత్తగారు," అంది మారెన్ అందరితో, గర్వంగా.

బల్లంతా నవ్వింది. ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న ముసలాయన ఒకడు, "అయితే చెప్పులు జాగ్రత్తమ్మాయ్, యూలా వాటిని కూడా గెలుచుకుంటుంది. ఈ చెరువు చుట్టుపక్కల ఆవిడ ముంచని వాడు లేడు," అన్నాడు. ఆయనా ఆవిడ చేతిలో మునిగినవాడే.

కాసేపు ఒకే ఆటలో ఇద్దరూ తలపడలేదు. తర్వాత ఒక ఆటలో మారెన్ గట్టిగా పందెం కాసింది. ఒక్కొక్కరే ముక్కలు పడేసి తప్పుకున్నారు. యూలా తప్పుకోలేదు. ఆవిడ చేతిలో ఆటీను ఆసు, ఆటీను ఆరు. బల్ల మీద మొదట పడినవి ఆటీను రాజు, ఆటీను తొమ్మిది, కళావరు నాలుగు. మారెన్ మళ్ళీ కాసింది, యూలా సరిపెట్టింది. నాలుగో ముక్క ఆటీను రెండు. యూలాకి ఒకే గుర్తువి, అయిదు ఆటీనులూ కుదిరాయి, వాటిలో ఆసు తనదే.  చివరి ముక్క ఇస్పేటు ఏడు, ఎవరికీ పనికిరానిది. ఇక యూలా చేతిని కొట్టే చెయ్యి ఆ బల్ల మీద ఎవరికీ ఉండే వీల్లేదు.

మారెన్ తటపటాయించింది. పందెం పెంచకుండా బల్ల మీద వేలితో తట్టి, వంతు అత్తకి వదిలేసింది. ఇప్పుడు యూలా ఎంత కాసినా కోడలు తగులుకుంటుంది. ఆ పిల్ల చేతిలో రాజు ఉందని, దాన్ని నమ్ముకుని కూర్చుందని యూలాకి అద్దంలో చూసినట్టు తెలుస్తోంది. ఒక్క పందెంతో ఆమె ముందున్న బిళ్ళలన్నీ ఊడ్చుకుపోతాయి. కొడుకైతే ఈపాటికి ఊడ్చేసి, పైన ఒక వెక్కిరింత కూడా పడేసి ఉండేది.

కోడలి మొహం చూసింది. పెదవి కొరుక్కుంటూ, ఆశగా, చిన్నపిల్లలా ఉంది. యూలా చెయ్యి దానంతటదే లేచి బల్ల మీద తట్టింది, పందెం లేదని.

మారెన్ రాజునీ రాణినీ తిప్పి చూపించింది. రాజుల జత. యూలా "నీదేనమ్మా" అని తన రెండు ముక్కల్నీ బోర్లా ముందుకి తోసేసింది.

"ఆగండి," అన్నాడు ఆకుపచ్చ టోపీ ముసలాయన. "ఆ ముక్కలు నాకు చూడాలని ఉంది."

"చూడ్డానికేముంది, ఓడిపోయాను," అంది యూలా. 

"చూపించమనే హక్కు నాకుంది యూలా. నువ్వు నాకు నేర్పిన రూలే."

ముక్కలు పంచే అమ్మాయి వాటిని తిప్పింది. ఆటీను ఆసు. ఆటీను ఆరు. ఆ అమ్మాయి చెయ్యెత్తి, పోటీ నడిపే పెద్దాయనని పిలిచింది.  పెద్దాయన వచ్చాడు, విన్నాడు, కుప్ప మారెన్‌దే అన్నాడు. యూలాని ఒక చుట్టు ఆట అయ్యేదాకా లేచి బయట నిలబడమన్నాడు. "మీరేనా ఇలా చేసింది?" అని మాత్రం అడిగాడు. ఆ ఒక్క మాటకే యూలా చెవులు ఎర్రబడ్డాయి.

ఆవిడ లేస్తుంటే మారెన్ నెమ్మదిగా అడిగింది.

"ఎన్నిసార్లు?"

"ఏంటమ్మా?"

"ఇలా ఎన్నిసార్లు బోర్లా తోశారు అత్తయ్యా? ఇంట్లో?"

యూలా కళ్ళు దించుకుని కుర్చీ వెనక్కి జరిపింది. అదే జవాబయింది. మారెన్ తర్వాతి ఆటలో తన ముక్కలు ఎత్తి కూడా చూడకుండా బిళ్ళలన్నీ మధ్యకి తోసేసింది. "కోపంతో ఆడకమ్మా," అని టోపీ ముసలాయన గొణుగుతూనే వాటిని గెలుచుకున్నాడు. మారెన్ ఆయనకి చెయ్యి కలిపి, తల ఎత్తుకుని బయటికి నడిచింది. యూలా శిక్ష పూర్తి చేసుకుని వచ్చి కూర్చుంది గానీ, ఆ రోజు ఆవిడ ముక్కలు చూసింది తప్ప ఆట చూడలేదు. ఇరవై ఏళ్ళలో అంత తొందరగా, అంత తెలివితక్కువగా ఎప్పుడూ ఓడలేదు.

వాళ్ళు ఇంటికి వచ్చేసరికి వసారాలో డేన్ గంపెడు రొయ్యలు ముందు పెట్టుకుని ఒలుస్తున్నాడు.

"ఎవరు గెలిచారు?" అని హుషారుగా అడిగాడు. ఇద్దరూ అతన్ని దాటుకుని లోపలికి వెళ్ళిపోయారు. చేతులు తుడుచుకుంటూ వెనకే వచ్చాడు.

"ఏదైనా తింటావా అమ్మా? పొద్దున తిన్నదే, మళ్ళీ ఏమీ ముట్టలేదు," అంది యూలా ఫ్రిజ్ తలుపు తీస్తూ.

"నాకేం వద్దు!" మారెన్ గొంతు ఆ ఇంట్లో అంత పైకి లేవడం అదే మొదటిసారి. "ముందు నాకు చెప్పండి. అయిదేళ్ళలో నేను గెలిచినవాటిలో ఒక్కటైనా నిజంగా నాదేనా?"

"అదేం మాట, నువ్వు బాగానే ఆడతావు..."

"బాగానే ఆడితే ఎందుకు వదిలేశారు? పోయిన వారం జెనెల్‌ని ఏడిపించారు. డేన్‌ని ముంచినప్పుడు లేచి చిందులేశారు. నా దగ్గరికి వచ్చేసరికి చల్లగా బోర్లా తోసేస్తారు. ఊళ్ళో అందరూ నన్ను మెచ్చుకుంటుంటే లోపల నవ్వుకున్నారా?"

"నవ్వుకోవడమా! నీకు బాధ కలగకూడదనే కదా నేను..." యూలాకి కూడా ఉక్రోషం వచ్చింది. "ఏ ఇంట్లోనైనా అత్త సాధిస్తుందని ఏడుస్తారు. నేను పువ్వుల్లో పెట్టి చూసుకుంటున్నానే, అది కూడా తప్పేనా? ఒక్క మాట అన్నానా నిన్ను? ఒక్క పని చెప్పానా?"

"అదే! అదే కదా నేననేది!" మారెన్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఒక్క మాట అనలేదు. ఒక్క గిన్నె ముట్టనివ్వలేదు. పెద్దమనుషులు వచ్చినప్పుడు తీసే పళ్ళెంలో నాకు అన్నం పెడతారు. డేన్‌ని చచ్చిన చేప అంటారు, జెనెల్‌ని మొద్దు అంటారు, నన్ను 'అమ్మా' అంటారు. నేను ఇంకా ఈ ఇంటికి వచ్చిన చుట్టాన్నే, అవునా? చుట్టాన్ని ఎవరూ ముంచరు."

డేన్ కల్పించుకోబోయాడు. "మారెన్, మా అమ్మ నీ మంచి కోరే..."

"నువ్వు ఉండు," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

యూలా కుర్చీలో కూలబడింది. చెప్పక తప్పలేదు.

"నువ్వు ఈ ఇంటికి వచ్చిన మొదటి ఆదివారం గుర్తుందా? మీ అమ్మ పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఆ కుర్చీలో మునగదీసుకుని కూర్చున్నావు. ఆటంటే ఏంటో తెలీదు, ఉన్నవన్నీ తోసేసి నవ్వావు. నా దగ్గర నిన్ను కొట్టే ముక్కలున్నాయి. కానీ ఆ నవ్వు చూశాక చెయ్యి రాలేదు. మీ అమ్మే పోయింది, ఇంక ఈ ఇంట్లో ఏ దెబ్బా తగలకూడదు ఈ పిల్లకి, అనుకున్నాను. ఆ తర్వాత అలవాటైపోయింది."

 మారెన్ బల్ల మీదికి వంగి, అత్త చెయ్యి పట్టుకుంది.

"మా అమ్మ నన్ను రోజూ తిట్టేది అత్తయ్యా. తల దువ్వుకోలేదని, తలుపు వెయ్యలేదని, ఊరికే, ఏమీ లేకపోయినా. ఆవిడ పోయాక నేనంటే చాలా మంది జాలిపడ్డారు, చాలా మంది మంచిగా ఉన్నారు. నన్ను తిట్టే మనిషి మాత్రం లోకంలో ఒక్కరూ మిగల్లేదు."

యూలా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. దెబ్బ తగలకూడదని అయిదేళ్ళు తను కాపలా కాసిన చోటే ఆ పిల్లకి రోజూ నొప్పి పెడుతోందని అప్పుడు తెలిసింది. కన్నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి జారాయి. ఓడిపోవడం అంటే ఏమిటో తనకి తెలుసుననుకుంది. ఇన్నాళ్ళూ ఎదురుగా కూర్చున్న మనిషిని చదవలేకపోవడం కన్నా పెద్ద ఓటమి ఇంకోటి లేదనిపించింది.

కాసేపటికి లేచి మొహం కడుక్కొచ్చింది. ముక్కల పెట్టె తెచ్చి బల్ల మీద ఠపీమని పెట్టింది.

"కూర్చో."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. ఒరేయ్ డేన్, నువ్వు పో, రొయ్యలు ఒలుచుకో. ఇది మా ఇద్దరి మధ్య."

సగం సగం బిళ్ళలు పంచుకున్నారు. మొదటి అరగంటలో మారెన్‌కి తన అత్తగారు ఎవరో తెలిసొచ్చింది. తను పెంచితే ఆవిడ ఇంకా పెంచింది. తను దాక్కుంటే వెతికి పట్టుకుంది. పది ఆటల్లో తొమ్మిది యూలావే.

"అంత చిన్న జత పట్టుకుని అంత ఎగురుతారా ఎవరైనా?" అని యూలా కుప్ప లాక్కుంది. "మిగతావాళ్ళ ముందు ఇలా ఆడావంటే నా పరువు గంగలో కలిసినట్టే. ఇంకో సంగతి చెప్పనా? నీ చేతిలో మంచి ముక్కలు పడితే ఊపిరి బిగబడతావు. ఏమీ లేకపోతే బిళ్ళలు సర్దుతూ కూర్చుంటావు. అయిదేళ్ళుగా నీ చేతిలో ఏముందో నాకు గాజుపెట్టెలో ఉన్నట్టు కనిపిస్తోంది."

"అయిదేళ్ళా! ఒక్కసారీ చెప్పలేదే!"

"ఇప్పుడు చెప్పాగా. మాట్లాడక ఆడు."

మారెన్ ఎదుట బిళ్ళలు పిడికెడు మిగిలాయి. ఓడుతున్న కొద్దీ ఆమె మొహం విప్పారుతోంది. ఒకటి రెండు చిన్న కుప్పలు గెలుచుకుని కాస్త నిలదొక్కుకుంది. అప్పుడొక ఆట వచ్చింది. యూలా చేతిలో రాజుల జత. బల్ల మీద అయిదు ముక్కలూ పడ్డాయి, రెండు ఆసులు అందులో ఉన్నాయి. మారెన్ కదలకుండా కూర్చుంది. బిళ్ళల్ని ముట్టుకోలేదు. ఊపిరి బిగబట్టింది, మెడ దగ్గర నరం కూడా ఆగినట్టుంది. తర్వాత ఉన్నవన్నీ మెల్లగా ముందుకి తోసింది.

యూలా ఆమెని పైనుంచి కింది దాకా చూసింది. "చెప్పినా మార్చుకోలేవు కదా. మూడో ఆసు ఉంది నీ దగ్గర. నేనంత వెర్రిదాన్ని కాదు," అని రాజుల్ని చూపించి మరీ పక్కన పడేసింది.

మారెన్ ఊపిరి వదిలింది. తన ముక్కలు తిప్పింది. ఒకటి ఏడు, ఒకటి మూడు. వాటితో ఏమీ కుదరలేదు.

యూలా ఆ రెండు ముక్కల్నీ చూసింది. మళ్ళీ చూసింది. కుర్చీ వెనక్కి పడేలా లేచింది.

"ఓసి దొంగ మొహందానా! నేను చెప్పిన మాటతో నన్నే ముంచుతావుటే? సిగ్గులేదూ! ఎవరే నీకు ఈ వెధవ బుద్ధులు నేర్పింది? నా ఇంట్లో నా అన్నం తింటూ, నా బల్ల మీద, ఏడూ మూడూ పెట్టుకుని... రాక్షసీ! కూర్చో, లేవకు, నీ సంగతి తేలుస్తా ఇవాళ!"

ఆ కేకకి డేన్ వసారాలోంచి చేతిలో రొయ్యతోనే పరిగెత్తుకొచ్చాడు. లోపల తల్లి కోపంతో రొప్పుతూ నిలబడి ఉంది. భార్య చెంపల మీద కన్నీళ్ళు ధారగా కారిపోతున్నాయి. 

"ఏమైంది? అమ్మా, ఏం చేశావు తనని?"

మారెన్ కళ్ళు తుడుచుకోకుండానే భర్త వైపు తిరిగింది. ఆమె మొహం అంత సంతోషంగా ఉండడం పెళ్ళిరోజు తర్వాత అతను చూడలేదు.

"మీ అమ్మ నన్ను తిట్టింది డేన్," అంది.